జర్మనీలో ప్రెప్ మాత్రలు, హెచ్‌పీవీ టీకా ఎలా పొందాలి?

హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రల ఖర్చును జర్మనీలో చట్టబద్ధ ఆరోగ్య బీమా 2019 సెప్టెంబరు నుంచి భరిస్తోంది. అయితే వాటిని ప్రత్యేక అర్హత ఉన్న వైద్యులే రాయాలి, హెచ్‌ఐవీ లేదని, మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయని పరీక్షల్లో తేలాకే మొదలుపెట్టాలి, ఆ తరువాత కూడా సుమారు మూడు నెలలకోసారి పరీక్షలు చేయించుకోవాలి. ప్రైవేటు బీమాతో వెళ్లిన మన విద్యార్థులు తమ బీమా ఈ ఖర్చు భరిస్తుందో లేదో ఒప్పందంలో ముందే చదువుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వంటివాటికి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకాను 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకూ అబ్బాయిలకూ సిఫారసు చేస్తారు, తప్పిపోతే 18 నిండేలోపు వేయించుకోవచ్చు. పెద్దవారు తమ బీమా సంస్థను అడగాలి, కొన్ని స్వచ్ఛందంగా చెల్లిస్తాయి.

ఇప్పటికే హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురైతే కావలసింది పెప్, అంటే ఆ తరువాత హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు. అది 72 గంటలలోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే మొదలవ్వాలి కాబట్టి, దయచేసి సంకోచంతో ఒక్క రాత్రి కూడా ఆగకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.