ఆవుకి రిలాక్సిన్ లేదా? మరి ఈనేదెలా?

ప్రశ్న: ఆవు ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు తోక మొదలుకి రెండు పక్కలా గుంటలు పడి, అక్కడ చేత్తో నొక్కితే మెత్తగా తగులుతుంది. రిలాక్సిన్ హార్మోను వల్ల కటి కీళ్లు వదులవుతాయని ఇంటర్లో చదివిన గుర్తుతో మా పశువుల డాక్టరుగారిని అడిగితే, ‘‘ఆవుకి ఆ హార్మోనే లేదయ్యా’’ అని నవ్వారు. జోకా, నిజమా?
– ఒక పాడి రైతు, మార్కాపురం

జవాబు: నిజమేనండీ. మీరు చదివిందీ తప్పు కాదు, కాకపోతే అది మనుషుల సంగతి.

1926లో ఫ్రెడరిక్ హిసా అనే అమెరికన్ శాస్త్రవేత్త చూలుతో ఉన్న గినీపందుల, కుందేళ్ల రక్తం నుంచి తీసిన సీరాన్ని చూలు లేని గినీపందులకు ఎక్కిస్తే వాటి కటి కీలు వదులైపోయింది. రిలాక్సిన్ కథ అక్కడ మొదలైంది. పందికి అండాశయంలో బోలెడంత తయారవుతుంది, గుర్రానికీ కుక్కకీ మాయలోంచి వస్తుంది. ఇంట్లో కుక్క కట్టిందో లేదో తేల్చడానికి డాక్టర్లు రక్తంలో చూసేది దీన్నే. ఆ కిట్టు పట్టుకెళ్లి ఆవుకి పరీక్ష చేస్తే ఎంత నిండు చూలైనా ఏమీ చూపించదు, ఎందుకంటే ఆవులో పనిచేసే రిలాక్సిన్ జన్యువే లేదు. గొర్రెలో మాత్రం దాని శిథిలం దొరికింది: జన్యువు మధ్యలో ‘ఇక్కడితో ఆపు’ అనే సంకేతాలు పడిపోయి ప్రొటీను తయారుకాని స్థితి. అంటే వీటి పూర్వీకులకు ఒకప్పుడు ఉండేదన్నమాట.

అసలు తమాషా ఇది. తాళంచెవి పోయింది గానీ తాళం మిగిలే ఉంది. రిలాక్సిన్‌ని అందుకునే గ్రాహకం ఆవు ఒంట్లో ఇప్పటికీ ఉంది. 1980ల్లో అమెరికాలో తొలిచూలు పెయ్యలకు ఈనే రోజులు దగ్గరపడ్డాక పంది రిలాక్సిన్ ఇచ్చి చూస్తే గర్భాశయ ముఖద్వారం తెరుచుకుంది, కటి మార్గం వెడల్పయింది. (ఇది చదివి ఎవరూ ఇంజెక్షన్ కోసం బయల్దేరకండి, అది పరిశోధన వరకే.) మీరు చూసే ఆ గుంటలు మాత్రం ఈస్ట్రోజెన్, ప్రోస్టాగ్లాండిన్ల లాంటి మిగతా హార్మోన్ల పుణ్యం.

ప్రశ్న: అవసరం లేదు కాబట్టే పోయిందనుకోవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: అలా తేలిగ్గా అనేయకూడదమ్మా. 1999లో రిలాక్సిన్ జన్యువు తీసేసిన ఎలుకల గురించి ప్రచురించారు. ఆ తల్లులు పిల్లల్ని బాగానే కన్నాయి, తీరా చూస్తే చనుమొనలు సరిగా ఎదగక పిల్లలకు పాలందలేదు, వేరే తల్లి దగ్గర వేస్తేనే బతికాయి. ఎలుకకి అలాంటి మార్పు అడవిలో వస్తే ఆ వంశం అక్కడితో సరి. ఆవు, గొర్రెల పూర్వీకుల్లో ఆ పనులు అప్పటికే వేరే హార్మోన్ల చేతిలో ఉండి ఉండాలి, లేకపోతే జన్యువు పాడయ్యాక ఆ మంద మిగిలేదే కాదు. రిలాక్సిన్‌కి తోబుట్టువు లాంటి ఇన్సల్-3 అనే హార్మోను వీటి అండాశయాల్లో బాగా తయారవుతుంది, కొంత పని అది చూసుకుంటోందని కొందరి అనుమానం. నాకైతే ‘అవసరం లేక పోయింది’ అనడం కంటే ‘పోయినా గడిచిపోయింది’ అనడమే సబబనిపిస్తుంది.

మనమూ తక్కువేం కాదులెండి. జీఎన్‌ఆర్‌హెచ్-2 అనే హార్మోను జన్యువు మనకుంది, దాని సొంత గ్రాహకం జన్యువేమో చెడిపోయి ఉంది. పందిలో ఆ గ్రాహకం బాగానే పనిచేస్తుంది. చిట్టెలుకకి హార్మోను జన్యువే లేదు.

ప్రశ్న: మగ జంతువుల్లో కూడా ఇలా పోయినవి ఉన్నాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉన్నాయి, అదీ పైన చెప్పిన ఇన్సల్-3యే. మగపిండంలో కిడ్నీల దగ్గర పుట్టిన వృషణాలను కిందికి దించే కట్టు ఎదగడానికి ఈ హార్మోను, దాని గ్రాహకం కావాలి. జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 71 క్షీరదాల జన్యువులు వెతికి 2018లో చెప్పిందేమిటంటే, టెన్రెక్, కేప్ ఏనుగుచుంచు, కేప్ బంగారు మోల్ అనే చిన్న జంతువులు, మానటీ అనే పెద్ద నీటి జంతువు, ఈ నాలుగింటిలో మాత్రమే ఈ జన్యువులు రెండూ పోవడమో పనికిరాకుండా చెడిపోవడమో జరిగింది. వీటిలో వృషణాలు కడుపులోపల పుట్టిన చోటే ఉండిపోతాయి. నాలుగింటికీ ఉమ్మడిగా ఒక్క దెబ్బా కనబడలేదు కాబట్టి ఎవరి జన్యువు వాళ్ల దగ్గర విడిగా పాడైందని లెక్క. ఏనుగు కూడా వీటి బంధువే, దాని వృషణాలూ కిడ్నీల పక్కనే ఉంటాయి, అయినా జన్యువులు చెడిన ఆ నాలుగింటిలో ఏనుగు లేదు. కాబట్టి ఏనుగు గురించి ఎవరైనా ‘జన్యువు పోయింది, అందుకే’ అని వాట్సాప్‌లో పంపితే ఫార్వర్డ్ చేయకండి.