చూపా, దృష్టా?

సందేహం: ప్రోగ్రామర్లు కోడ్ చదివేటప్పుడు వాళ్ళ కళ్ళు ఎలా కదులుతాయో ఐ ట్రాకింగ్‌తో పరిశీలించడం గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ప్రోగ్రామర్ దృష్టి నాలుగో లైను మీద 300 మిల్లీసెకన్లు ఉంది’ అని రాస్తే, ‘చూపు’ అనాలని మిత్రుడు పట్టుబడుతున్నాడు. రెండూ ఒకటే కదండీ?

సమాధానం: నిఘంటువు వరకూ ఒకటే. మీ వాక్యంలో మాత్రం ‘చూపు’ ఉండాలి.

ఐ ట్రాకర్ కంటికి కనబడని పరారుణ కాంతిని కళ్ళ మీదికి పంపుతుంది. కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద ఆ కాంతి వల్ల మెరిసే చుక్కకూ, కంటిపాప నడిమికీ ఎడం ఎంత ఉందో కెమెరా పట్టుకుంటుంది. దాన్నిబట్టి స్క్రీన్ మీద చూపు ఎక్కడ ఆనిందో లెక్క కడతారు. మనసు ఎక్కడుందో ఆ లెక్కలో తేలదు.

తెలుగులో ‘దృష్టి’కి మనసు తోడైంది. ‘చదువు మీద దృష్టి పెట్టు’, ‘ఆ సంగతి నా దృష్టికి రాలేదు’ అంటాం. వీటిలో కంటికి పనేమీ లేదు. ‘దృష్టి లోపం’ లాంటి మాటల్లో కంటి అర్థం ఇంకా ఉంది గానీ, ఫలానా దాని మీద దృష్టి ఉంది అనగానే మనకు శ్రద్ధే స్ఫురిస్తుంది. పరధ్యానంలో ఉన్నవాడి చూపు పుస్తకం మీదే ఉండొచ్చు, దృష్టి ఉండదు.

మీ విషయానికి ఈ తేడా చాలా ముఖ్యం. చదివేటప్పుడు కన్ను సాఫీగా జారిపోదు. సుమారు 200 నుంచి 300 మిల్లీసెకన్లు ఒకచోట ఆగి, ఇంకోచోటికి దూకుతుంది. ఒక లైను మీద మామూలు కంటే ఎక్కువసేపు ఆగిందంటే లాజిక్ అర్థం కాకపోయి ఉండొచ్చు, అక్కడ బగ్ ఉందని అనుమానం వచ్చి ఉండొచ్చు, ఆలోచన ఇంకెటో పోయి ఉండొచ్చు. ‘దృష్టి’ అని రాశారంటే, కొలవనిదాన్ని కొలిచామని పాఠకుడికి చెప్పినట్టే.

క్రియలకు కొదవ లేదు. చూపు పడుతుంది, నిలుస్తుంది, మళ్ళుతుంది, ఫంక్షన్‌ను (పేరు పెట్టి విడిగా రాసుకున్న కోడ్ ముక్కను) పిలిచిన చోటి నుంచి దాన్ని రాసిన చోటికి వెళ్ళి తిరిగొస్తుంది. ‘కన్ను పడింది’ మాత్రం వద్దు, అందులో ఆశపడ్డారన్న అర్థం ఉంది.

అలాగని ‘దృష్టి’ని వ్యాసమంతటా తీసెయ్యకండి. చూపు నిలిచిన చోట్లతో పాటు, ఆ కోడ్ ఏం చేస్తుందని అడిగితే ప్రోగ్రామర్లు చెప్పిన జవాబులను కూడా పరిశీలించి, ‘వీళ్ళు లూప్ షరతు మీద దృష్టి పెట్టారు’ అని పరిశోధకులు తేలిస్తే, అక్కడ ఆ మాటే సరిపోతుంది.