ఉప్పు పలక బరువు: సహారా నవల రాస్తున్న యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

సహారా బిడారు మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తోంది. కానీ రెండో పేజీలోనే "ఉప్పుకి ఎత్తుకి ఎత్తు బంగారం తూచి ఇచ్చేవారు" అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్యి. చాలామంది రాసేది అదే, కానీ లెక్కకి నిలవదు.

మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1352లో ఆ దారిన స్వయంగా వెళ్ళి ధరలు రాసిపెట్టాడు. ఒక ఒంటె మోత ఉప్పు, ఎడారి దక్షిణపు అంచునున్న వలాటాలో 8 నుంచి 10 మిస్కాళ్ళ బంగారం. ఇంకా దక్షిణాన, మాలి రాజ్యపు రాజధానిలో 20 నుంచి 30, ఒక్కోసారి 40. మిస్కాల్ అంటే సుమారు 4.25 గ్రాములు, మన అర కాసు కంటే కాస్త ఎక్కువ. 40 మిస్కాళ్ళంటే 170 గ్రాములు. ఒంటె మోత 120 కిలోలే అనుకున్నా, అంత మంచి ధరలోనూ వచ్చేది ఉప్పు బరువులో ఏడువందో వంతు బంగారం.

నీ కథ ఆ లెక్కలోనే ఉంది. వలాటాలో 10 పలికింది రాజధానికి చేరేసరికి 30 ఎందుకైంది? దక్షిణానికి వెళ్ళేకొద్దీ నేల తేమెక్కుతుంది, జబ్బు మోసే ఈగలుంటాయి, ఒంటె బతకదు. సరుకు గాడిదల మీదికి, అడవి దగ్గర పడితే మనుషుల నెత్తి మీదికి మారుతుంది. దించి ఎక్కించిన ప్రతిచోటా పలక విరగొచ్చు. వాన తగిలితే కరిగిపోతుంది. ఆ 20 మిస్కాళ్ళ తేడాలో ఇంతమంది కూలీ, ఇంత నష్టం ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరూ నీ మూడు అధ్యాయాల్లో కనబడలేదు.

ఇంకోటి, నీ ఒంటెల మీద "ఉప్పు బస్తాలు" ఉన్నాయి. మనకి ఉప్పంటే మడుల్లో పండే కల్లుప్పు కాబట్టి చెయ్యి అటు పోయింది. సహారాలోని గని ఊరు తఘాజాలో ఉప్పు నేల కింద పొరలు పొరలుగా ఉంటుంది. కడప బండల్లా పలకలుగా కోసి తీసేవారు. ఒంటెకి రెండు పలకలు, అటొకటి ఇటొకటి. ఇప్పటి తావుదెన్ని గని ఫోటోలు చూసి రాయకు. అక్కడి పలకలు చిన్నవి, ఒంటెకి నాలుగు కడతారు. పైగా తఘాజా మీద మొరాకో దాడులు జరిగాక, 16వ శతాబ్దం చివర్లో గానీ తావుదెన్నికి ప్రాధాన్యం రాలేదు.

తఘాజాని తొందరగా దాటెయ్యకు. ఇళ్ళూ మసీదూ ఉప్పు పలకలతో కట్టినవే, పైన ఒంటె తోళ్ళ కప్పు. చెట్టన్నది లేదు. నీళ్ళు ఉప్పన, ఎక్కడ చూసినా ఈగలు. గనిలో పనిచేసేది మసూఫా అనే ఎడారి తెగవాళ్ళ బానిసలు. వాళ్ళు తినే ఖర్జూరం ఉత్తరాన మొరాకోలోని ద్రా లోయ నుంచి, సిజిల్మాసా పట్నం నుంచి రావాలి, జొన్న సజ్జల్లాంటి ధాన్యం దక్షిణం నుంచి రావాలి. బిడారు ఆలస్యమైతే గనిలో ఆకలే. నీ వర్తకుడి కలల గురించి నాలుగు పేజీలు రాశావు, అందులో ఒక పేజీ వీళ్ళకివ్వు.

నీ నవలకి గుండెకాయ కాగల ఘట్టం తక్షీఫ్ అనే వార్తాహరుడిది. సిజిల్మాసా నుంచి తఘాజాకి 25 రోజులు. అది దాటాక పది రోజులు నీళ్ళు దొరకడమే అరుదు. వలాటా ఇంకా దూరాన ఉండగానే బిడారు ఒక మసూఫా మనిషిని కుదుర్చుకుంటుంది. అతనే తక్షీఫ్. ఉత్తరాలు పట్టుకుని ఒంటరిగా ముందు వెళ్తాడు. అవి అందితే వలాటా వాళ్ళు నాలుగు రోజుల దారి ఎదురొచ్చి నీళ్ళిస్తారు. అతను దారిలో చనిపోతే వలాటాకి కబురే ఉండదు, బిడారులో చాలామంది ప్రాణాలు పోతాయి. ఇబ్న్ బతూతా బిడారు అతనికిచ్చింది 100 మిస్కాళ్ళు. వలాటా ధరలో పది పన్నెండు ఒంటెల ఉప్పు! ఏడో రాత్రి ఎదురొచ్చినవాళ్ళ మంటలు కనిపించాయట. దారి చూపిన మనిషికి ఒక కన్ను లేదు, రెండోదానికి జబ్బు. అయినా ఆ దారి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దీన్ని నువ్వు "అనేక కష్టాలు పడి వలాటా చేరారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు.

కాలాలు కలిపెయ్యకు. గాడిద మోత ఉప్పు లోపలికొస్తే ఒక దీనారు, బయటికి పోతే రెండు దీనార్లు సుంకం అని అరబ్బు భూగోళ రచయిత అల్‌బక్రీ రాసింది మాలికి ముందటి ఘనా రాజ్యపు రాజు గురించి, 1068లో. బంగారు ముద్దలు రాజుకి, రజను (బంగారు పొడి) జనానికి అన్న నియమమూ అక్కడిదే. నీ కథ మూడు వందల ఏళ్ళ తర్వాతి మాలి.

సరుకులు పెట్టి దూరంగా వెళ్ళిపోయి, ఎదుటివాడి ముఖం చూడకుండా బేరమాడే మూగ వర్తకం గురించి కూడా రాశావు. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కాలం నుంచీ ఆ కథ నోట నోట నడుస్తూనే ఉంది. దాన్ని ఒక పాత్ర చెప్పిన కబురుగా ఉంచు, కళ్ళ ముందు జరిగినట్టు రాయకు. పశ్చిమ ఆఫ్రికాలో బంగారం దొరికే బంబుక్, బురే సీమల సరుకుకి వంగారా వర్తకులే దళారులు. నోరున్నవాళ్ళు, బేరం తెలిసినవాళ్ళు. గుంటల్లోంచి తీసిన మట్టిని సొరకాయ బుర్రల్లో కడిగి రజను తేల్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ చేతుల్ని దగ్గరగా చూపించు.

తిరుగు ప్రయాణంలో ఒంటెలన్నిటి మీదా బంగారం మూటలు ఎక్కించావు. ఒక ఒంటె ఉప్పుకి వచ్చిన బంగారం పిడికిట్లో పడుతుంది కదా! మరి ఉత్తరానికి పోయే బిడారులో ఏముండేది? 1353లో ఇబ్న్ బతూతా తకెద్దా అనే ఎడారి ఊరి నుంచి ఉత్తరానికి వెళ్ళిన బిడారులో 600 మంది బానిస స్త్రీలున్నారు. నీ వర్తకుడు వాళ్ళ పక్కన నడవకుండా ఇల్లు చేరలేడు.

మూడో అధ్యాయాన్ని తక్షీఫ్ బయలుదేరిన ఉదయంతో మొదలుపెట్టి మళ్ళీ రాయి. బిడారులో ఒంటెలెన్ని, పలకలెన్ని, వలాటా చేరేసరికి విరిగినవెన్ని, ఒక కాగితం మీద వేరే లెక్క వేసి దానితో పాటు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య