టెక్ సందేహాలు: ప్యాచ్ పంపి మూడు వారాలైంది, పలికే నాథుడు లేడు!

ప్రశ్న: నేను వాడే ఓపెన్ సోర్స్ కోడ్ లైబ్రరీలో తేదీలు తప్పుగా చూపించే బగ్ ఒకటి దొరికింది. సరిచేసి, ఆ మార్పును ప్యాచ్‌గా పంపాను. మూడు వారాల్లో నాలుగుసార్లు గుర్తుచేసినా ఉలుకూ పలుకూ లేదు. ఇంకేం చేయాలి?

జవాబు: ఈ మొర నాకు తరచూ వస్తుంది, లైబ్రరీ పేరే మారుతుంది. మీరు పంపిన ప్యాచ్ తెరిచి చూశాను. మారిన ఫైళ్లు 38. బగ్‌కి సంబంధించినవి రెండంటే రెండు లైన్లు. నెలలను సున్నా నుంచి లెక్కపెట్టే చోట ఒకటి కలపడం మరిచిపోయారని పట్టుకున్నారు, శభాష్. మిగతాదంతా మీరు కోడ్ రాసే ఎడిటర్ నిర్వాకం. సేవ్ కొట్టినప్పుడల్లా ట్యాబులను స్పేసులుగా, సింగిల్ కోట్లను డబుల్ కోట్లుగా మార్చుకుంటూ పోయింది. పైగా మార్పును భద్రపరుస్తూ రాసే కమిట్ మెసేజ్ ‘ఫిక్స్‌డ్’ అని ఒకే ముక్క. ఏది ఫిక్స్ అయిందో ఎవరికి తెలుస్తుంది?

ప్రాజెక్టు నడుపుతూ ప్యాచ్‌లు చూసేవాళ్లకు ఇది చిరాకు మాత్రమే అనుకోకండి, భయం కూడా. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ టూల్ ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, చివరికి తానే మెయింటెయినర్ (ప్రాజెక్టు బాగోగులు చూసే వ్యక్తి) అయి, టెస్ట్ ఫైళ్ల ముసుగులో విషం పెట్టారు. దూరంలో ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి దొరికింది గానీ, లేకపోతే ఎన్ని సర్వర్లలోకి పాకేదో! అంతకుముందు జరిగింది చూడండి. ఎక్స్‌జెడ్ ప్రాజెక్టును ఒంటరిగా నడుపుతున్న మనిషిని ముక్కూమొహం తెలియని పేర్లు వచ్చి, ప్యాచ్‌లు ఎందుకు చూడట్లేదు, ఇంకొకరికి అప్పగించరాదా అని సతాయించాయి. ఇప్పుడు చెప్పండి, 38 ఫైళ్ల ప్యాచ్, వెనకే నాలుగు రిమైండర్లు... అటువైపు ఎలా కనిపిస్తాయి?

కొత్త బ్రాంచ్ (కోడ్‌కి విడి పాయ) తీసి ఆ రెండు లైన్లే పంపండి. కోడ్ మార్పుల లెక్క చూసే గిట్‌లో ‘గిట్ యాడ్’ కమాండ్‌కి ‘-పి’ తగిలిస్తే మార్పులను ముక్కముక్కగా చూపించి, ఇది కావాలా వద్దా అని అడుగుతుంది. బగ్ ఉంటే ఫెయిలై, పోతే పాసయ్యే టెస్ట్ ఒకటి జతచేయండి. మెసేజ్‌లో ఏ తేదీ ఇస్తే ఏం వచ్చింది, ఏం రావాలి, రెండు వాక్యాలు చాలు. పాత ప్యాచ్‌ను మీరే మూసేయండి.

అసలు కోపం ఆ ఎడిటర్ల మీద. ఫార్మాటింగ్‌ను తనంతట తానే ఆన్ చేసుకునే అప్‌డేట్ ఎవరడిగారు? పక్కన ఏఐ సహాయకుడొకడు, రెండు లైన్లు అడిగితే ఫంక్షన్ మొత్తం తిరగరాసి ఇస్తాడు. దాన్ని చదవకుండా పంపేవాళ్లు పెరిగిపోయారు. తాము చదవని కోడ్‌ను ఇంకొకరు జీతం లేకుండా చదవాలట!

అన్నట్టు, ఆ 38 ఫైళ్లలో ఒకటి మీ డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగ్స్ ఫైలు. ఆ సంగతి మీకు అప్పుడే విడిగా రాశాను. ‘ఇంకో కమిట్‌లో తీసేశాను’ అని జవాబిచ్చారు. పాత కమిట్ తెరిస్తే అది ఇంకా అక్కడే ఉంది. పాస్‌వర్డే మార్చండి, ఇవాళే.