మిద్దెతోటలో మందు కోసం రెండు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది వనస్థలిపురం. ఎనిమిదేళ్ళుగా మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నా, కెమికల్ ఒక్క చుక్క వాడను, అంతా జీవామృతం, వర్మీ కంపోస్ట్, వేపనూనె. మా అత్తమ్మకి 74 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకింది, నొప్పికి రాత్రంతా కూర్చునే ఉంటది. మా ఆడపడుచు కెనడాలో కాల్గరీలో ఉంటది, తనకి నడుము నొప్పి, అక్కడ డాక్టర్ రాసిచ్చిన కాగితంతో గవర్నమెంట్ దగ్గర రిజిస్టర్ చేయించుకుని పెరట్లోనే ఆర్గానిక్‌గా గంజాయి మొక్కలు పెంచుకుని వాడుకుంటది, చాలా రిలీఫ్ అంటది. మొన్న వచ్చినప్పుడు ఆరు గింజలు తెచ్చిచ్చింది. గ్రో బ్యాగుల్లో మట్టి కలిపి పెట్టాను, ఇంకా నాటలేదు. అమ్మేది లేదు, ఎవరికీ ఇచ్చేది లేదు. డాక్టర్ చీటీ ఉంటే రెండు మొక్కలు పెంచుకోవచ్చా? ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది.

జవాబు: అక్కా, నాటకముందే అడిగారు చూడండి, చాలా మంచి పని చేశారు, నా దగ్గరికి ఇలాంటి విషయంలో వచ్చేవాళ్ళు ఎక్కువగా పోలీసులు వచ్చి పోయాకే వస్తారు. జవాబు మాత్రం మీరు అనుకున్నది కాదు. వద్దు. రెండు కాదు, ఒక్కటి కూడా వద్దు. డాక్టర్ చీటీ ఉన్నా, ఆర్గానిక్ అయినా, అత్తమ్మ కోసమే అయినా సరే, తెలంగాణలో ఇంటి మీద ఆ మొక్క పెంచడం నేరమే. కానీ అత్తమ్మ నొప్పికి చట్టంలో దారి లేదా అంటే ఉంది, అది మీరు అనుకుంటున్న దారి కన్నా మంచిది కూడా, దాని గురించి కింద వివరంగా రాస్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

మత్తుమందుల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 8లో గంజాయి మొక్క పెంచకూడదు అని నేరుగా ఉంది. మత్తు ఎక్కువున్న రకమా, తక్కువున్న రకమా, మందు రకమా అని తేడా ఏం లేదు, ఆ జాతిలో ఏ మొక్క అయినా గంజాయి మొక్కే అని నిర్వచనంలోనే రాశారు. చాలామంది అదే సెక్షన్‌లో ఉన్న "వైద్య, శాస్త్రీయ అవసరాలకు తప్ప" అన్న ముక్క చదివి మాకు అవసరం ఉంది కదా, డాక్టర్ కూడా చెప్పాడు కదా అనుకుంటారు, వాక్యం అక్కడితో ఆగదు, చట్టంలో, రూల్స్‌లో చెప్పిన పద్ధతిలో, లైసెన్సో పర్మిటో కావాలన్న చోట అది తీసుకుని, అని ఉంటది. ఆ లైసెన్స్ ఇచ్చే అధికారం సెక్షన్ 10 కింద రాష్ట్ర ప్రభుత్వానిది. మన దగ్గర ఇంట్లో పేషెంట్ కోసం కుండీలో పెంచుకోవడానికి అలాంటి లైసెన్స్ ఏదీ లేదు. డాక్టర్ చీటీ మందుల షాపుకి చీటీ, మొక్కకి లైసెన్స్ కాదు.

ఇక్కడ మామూలు జనానికి అస్సలు తెలియని ఒక సంగతి ఉంది. గంజాయి కిలో లోపు దొరికితే దాన్ని స్మాల్ క్వాంటిటీ అంటారు, శిక్ష గరిష్ఠంగా ఒక ఏడాది, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. అందుకే రెండు మొక్కలకి ఏమవుతదిలే, కిలో కూడా రాదు అనుకుంటారు. కానీ ఆ తూకం లెక్క కోసిన గంజాయికి, దగ్గర పెట్టుకోవడానికి, అమ్మడానికి. మొక్క పెంచడం సెక్షన్ 20లో వేరే క్లాజు, దానికి తూకం లేదు, లెక్క లేదు, ఒక్క మొక్క అయినా పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా పడొచ్చు. అంటే జేబులో అర కిలో పెట్టుకుని దొరికినవాడికి ఏడాది, అత్తమ్మ కోసం కుండీలో ఒక మొక్క పెంచిన కోడలికి పదేళ్ళ దాకా. నా ఉద్దేశంలో ఇది న్యాయం కాదు, జబ్బుమనిషి కోసం ఒకటి రెండు మొక్కలు పెంచినవాళ్ళని వేరుగా చూడాలి, చట్టం మార్చాలి. కానీ మారేదాకా కోర్టులో నడిచేది ఇదే, అందుకని మీకు ఉన్నదున్నట్టు చెప్తున్నా.

ఇంకోటి, ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు మామూలుగా అరెస్ట్ చేయకుండా నోటీసు ఇచ్చి పిలవాలి, ఇది పదేళ్ళ సెక్షన్ కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోలేం. బెయిల్ అసలు రాదని కాదు, సెక్షన్ 37లో ఉన్న గట్టి షరతులు ముఖ్యంగా కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం స్థాయి తూకం దొరికిన కేసులకి, గంజాయిలో అది 20 కిలోలు. అయినా బెయిల్ వచ్చేలోపు గడిపే రోజులు ఉన్నాయి చూడండి, అవి చాలు ఇంటిని కుదిపేయడానికి.

కొన్నేళ్ళ కింద ఒక కేసు చూశాను. శివారు కాలనీలో పెంట్‌హౌస్ అద్దెకి తీసుకున్న కుర్రాడు తులసి కుండీకి, కరివేపాకు కుండీకి మధ్యలో మూడు మొక్కలు పెట్టాడు. ఊరెళ్ళినప్పుడు ఓనర్ పెద్దాయన, రిటైర్డ్ టీచర్, పాపం ఎండిపోతాయని రోజూ తనే నీళ్ళు పోశాడు. ఎవరో ఫోటో తీసి పంపారు, సాయంత్రం పంచనామా అయింది, మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, తెల్ల గుడ్డలో చుట్టి సీలు వేశారు, పంచులతో సంతకాలు పెట్టించారు, శాంపిల్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పోయింది. పెద్దాయన నా ముందు కూర్చుని, చేతిలో బీపీ మాత్రల స్ట్రిప్ నలుపుతూ, "గోగు అనుకున్నా బాబూ, పుంటికూర పెట్టుకున్నాడు కామోసు అనుకున్నా" అని పదిసార్లు చెప్పాడు. నిజంగానే నార గోగు ఆకు వేళ్ళు చాపినట్టు చీలి గంజాయి ఆకు లాగే ఉంటది, దాని శాస్త్రీయ నామమే హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయి లాంటిది అని అర్థం. మీరు మిద్దె మీద గోగు పెంచుతుంటే భయపడకండి, అది వేరే జాతి, ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పండి.

పెద్దాయన కథ ఎందుకు చెప్పానంటే, మీ ఆయన గురించి. సెక్షన్ 25 ప్రకారం తన ఇంట్లో ఇలాంటి నేరం జరుగుతుందని తెలిసీ జరగనిచ్చిన ఓనర్‌కి కూడా అసలు నేరానికి ఉన్న శిక్షే. ఆ పెద్దాయన విషయంలో "తెలిసీ" అన్న ఒక్క మాట పట్టుకుని వాదించాం, చివరికి ఆయన పేరు చార్జిషీట్‌లోకి రాలేదు. మీ ఆయనకి ఆ మాట పనికిరాదు, ఆయనకి అంతా తెలుసు. పైగా సెక్షన్ 46 ప్రకారం తన స్థలంలో ఎవరైనా ఆ మొక్క పెంచుతుంటే వెంటనే పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత స్థలం ఉన్నవాళ్ళదే.

మరి మొక్క దానంతట అదే మొలిచింది అంటే? అలా నిజంగా మొలిస్తే వేరే మాట. 2004లో సుప్రీంకోర్టు అలఖ్ రామ్ కేసులో చెప్పింది, మొక్క ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ మనిషే పెంచాడని రుజువు చేయాలి, గింజలు మట్టిలో పడి సహజంగా కూడా మొలవొచ్చు అని. కానీ గ్రో బ్యాగులో, జీవామృతం పోసి, కర్ర పాతి కట్టిన మొక్క దానంతట అది మొలిచిందని ఏ జడ్జి నమ్మరు. అబద్ధం చెప్పి బయటపడే ఆలోచనతో మాత్రం మొదలుపెట్టొద్దు.

మీ ఆడపడుచు అక్కడ పెంచుకోవడం తప్పు కాదు, తను ఉన్న చోట చట్టం వేరు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి పెద్దవాళ్ళు ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు, క్యూబెక్‌లో మాత్రం ఇంట్లో పెంచడం నిషేధమే, మందు కోసం అయితే హెల్త్ కెనడా దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, ఎన్ని మొక్కలు అనేది డాక్టర్ రోజుకి ఎన్ని గ్రాములు రాశారు అన్నదాన్ని బట్టి లెక్క కడతారు. అక్కడ పేషెంట్లు ఆర్గానిక్ అని పట్టుబట్టడానికి కూడా కారణం ఉంది, ఈ మొక్క మట్టిలో ఉన్న సీసం, కాడ్మియం లాంటివి బాగా పీల్చుకుంటది, బూజుకి కొట్టే మైక్లోబుటానిల్ అనే మందు వేడి చేస్తే విషవాయువు వస్తది, దాని అవశేషాలు ఉన్నాయని అక్కడ లైసెన్స్ ఉన్న కంపెనీల సరుకే వెనక్కి తెప్పించిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి మీ ఆర్గానిక్ పట్టుదల ఆరోగ్యం లెక్కన వంద శాతం కరెక్ట్. మన చట్టానికి మాత్రం యూరియా వేసిందీ, ఆవు పేడ వేసిందీ ఒకటే మొక్క.

ఇప్పుడు ఆ ఆరు గింజలు. మన చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు, వాటితో కలిసి లేనప్పుడు ఆకులు, గింజలు దాంట్లోకి రావు, కాబట్టి డబ్బాలో గింజలు ఉన్నందుకు గంజాయి దొరికింది అని కేసు పెట్టలేరు. ఎండుగింజలు తినే పదార్థంగా 2021లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఒప్పుకుంది, ఉత్తరాఖండ్ కొండల్లో వేయించి చట్నీ చేసుకుంటారు. కానీ మట్టిలో పెట్టిన క్షణం నుంచి కథ మారిపోతది, మొలక రాకపోయినా నేరానికి ప్రయత్నం కింద చూపించే అవకాశం ఉంది. ఇంకా, విత్తడానికి ఏ గింజ అయినా బయటి దేశం నుంచి తేవాలంటే ఇంపోర్ట్ పర్మిట్, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, మొలకెత్తే గింజని పర్మిట్ లేకుండా దేశం దాటించడం కెనడాలో కూడా నేరమే, ఈ సంగతి పాపం మీ ఆడపడుచుకి తెలిసి ఉండదు. నాటకండి, మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో విత్తనాలు పంచుకుంటారు కదా అందులో ఎవరికీ ఇవ్వకండి, ముఖ్యంగా కంపోస్ట్ డబ్బాలో వేయకండి, అక్కడ వేసిన టమాటా గింజలే ఎలా మొలుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉత్తరాఖండ్‌లో లైసెన్సులు ఇస్తున్నారు కదా అని ఎవరైనా అంటే, అది 2018 నుంచి నార కోసం, గింజ కోసం, మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న రకానికి, ఇంట్లో పేషెంట్ కుండీకి సంబంధం లేదు. సెక్షన్ 14లో తోటపని కోసం పర్మిషన్ అని ఉంది అని వీడియోల్లో చెప్తుంటారు, దానికి ప్రభుత్వం ఆర్డర్ ఇవ్వాలి, మనంతట మనం అనుకుంటే కాదు.

చట్టబద్ధంగా ఈ మొక్క మందు కావాలంటే ఆయుర్వేదంలో ఉంది, అక్కడ ఈ మొక్కని విజయ అంటారు. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఈ-1 అని విషద్రవ్యాల పట్టిక ఉంది, అందులో భంగు, అంటే ఈ మొక్క ఆకు, ఉంది, ఆయుష్ లైసెన్స్ ఉన్న కంపెనీ తయారు చేసింది ఆయుర్వేద డాక్టర్ రాస్తే కొనుక్కోవచ్చు. సీసా మీద తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, డాక్టర్ పర్యవేక్షణలో వాడాలి అన్న హెచ్చరిక ఉన్నాయా చూడండి, లేకపోతే తీసుకోకండి. చీటీ, బిల్లు రెండూ మందుతో పాటే పెట్టుకోండి. అత్తమ్మ క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పకుండా మాత్రం మొదలుపెట్టకండి, ఉన్న మందులతో పడకపోవచ్చు.

అయితే అక్కా, ఎముకలకి పాకిన క్యాన్సర్ నొప్పి అన్నారు, రాత్రంతా కూర్చునే ఉంటది అన్నారు, అది చదివి నాకు మొదట వచ్చిన ప్రశ్న గంజాయి గురించి కాదు, ఈమెకి మార్ఫిన్, అంటే నల్లమందు నుంచి వచ్చే గట్టి నొప్పి మందు, ఎవరూ రాయలేదా అని. అదే ఎన్‌డీపీఎస్ చట్టం భయంతో ఎన్నో ఏళ్ళు మన ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోలేదు, రాష్ట్రానికో రూల్, నాలుగైదు లైసెన్సులు తేవాలి, ఒక్కదాని గడువు అయిపోతే మిగతావి పనికిరావు, ఈ గొడవ ఎందుకని వదిలేశారు, జనం నొప్పితోనే పోయారు. 2014లో చట్టం సవరించి మార్ఫిన్ లాంటి మందుల్ని అత్యావశ్యక నార్కోటిక్ మందులు అని విడిగా పెట్టి, దేశమంతా ఒకటే రూల్ తెచ్చారు, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ట్రైనింగ్ అయిన డాక్టర్ రాసి ఇవ్వొచ్చు, పేషెంట్ ఇంట్లో పెట్టుకుని వేసుకోవచ్చు. ఇది వేసుకుంటే అలవాటు పడిపోతారు, ఇది చివరి రోజులకే ఇస్తారు అని చుట్టాలు అంటారు, వినకండి, డాక్టర్‌ని అడగండి.

మన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నేను పైన చెప్పిన ఫోరెన్సిక్ ల్యాబ్ ఉన్న రెడ్‌హిల్స్‌లోనే ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి, అందులో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, వాళ్ళ పనే నొప్పి తగ్గించడం. బయట ప్రైవేట్‌లో ట్రీట్‌మెంట్ నడుస్తున్నా అక్కడ నొప్పి గురించి అడగొచ్చు. బయాప్సీ రిపోర్ట్, చివరి స్కాన్, ఇప్పుడు వేసుకుంటున్న మందుల చీటీలు, ఆధార్ తీసుకెళ్ళండి, వారం రోజులు అత్తమ్మకి ఏ టైమ్‌లో నొప్పి ఎంత ఉంది, పదికి ఎంత అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుని అది కూడా చూపించండి, డాక్టర్‌కి మోతాదు కట్టడానికి బాగా పనికొస్తది. ఎముక నొప్పికి రేడియేషన్ కూడా ఇస్తారు, కొందరికి ఒకటి రెండు సిట్టింగుల్లోనే హాయి వస్తది, అది కూడా అడగండి. మార్ఫిన్ ఇస్తే ఆ చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి, మిగిలిపోయిన మాత్రలు ఆసుపత్రికే తిరిగి ఇవ్వండి, వేరే ఎవరికీ ఇవ్వకండి, నొప్పి అని పక్కింటావిడ అడిగినా సరే.

మీ ఆడపడుచుకి ఇవ్వాళే ఫోన్ చేయండి. గింజలు తెచ్చిన మనిషి ఈసారి అమ్మ బాధ చూడలేక నూనె సీసానో, గమ్మీల ప్యాకెట్టో సూట్‌కేస్‌లో వేసుకుని రావొచ్చు, అది శంషాబాద్‌లో దొరికితే సెక్షన్ 23, దిగుమతి కేసు, కెనడా డాక్టర్ కాగితం అక్కడ పనికిరాదు. అమ్మని చూడటానికి వచ్చి ఎయిర్‌పోర్ట్ నుంచి స్టేషన్‌కి పోయే పరిస్థితి తెచ్చుకోవద్దని, తన మందు తన దేశంలోనే ఉంచి రమ్మని చెప్పండి.