ముప్పై ఒకటో పేజీ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, హిట్లర్ కాలపు జర్మన్ సినిమా దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ మీద నువ్వు రాసి పంపిన జీవిత కథ రెండుసార్లు చదివాను. చదివించేలా రాస్తావు. అంతకంటే మెచ్చుకునే ఓపిక ఇవాళ లేదు, ఎందుకంటే 31వ పేజీలో ఒక వాక్యం రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. "టీఫ్‌లాండ్ సినిమా కోసం శిబిరాల నుంచి కొందరు ఎక్స్‌ట్రాలను కూడా తెప్పించారు." అంతే. ఆ వెంటనే సెట్టింగుల అందం గురించి ఎత్తుకున్నావు.

న్యూరెంబర్గ్ నాజీ సభల మీద తీసిన సినిమా కోసం జెండా స్తంభానికి లిఫ్ట్ కట్టించి కెమెరామన్‌ని పైకి పంపిన సంగతికి రెండు పేజీలు ఇచ్చావు. 170 మంది సిబ్బంది, 60 గంటలకు పైగా తీసిన ఫిల్మ్, నెలల తరబడి ఎడిటింగ్, అన్నిటికీ లెక్క చెప్పావు. ఒలింపిక్స్ సినిమా కోసం మైదానంలో గోతులు తవ్వి కెమెరాలు దించడం కూడా వదల్లేదు. మరి ఆ "కొందరు" ఎంతమంది? ఎవరు?

చెబుతాను, విను. 1940లో సాల్జ్‌బర్గ్ దగ్గరి మాక్స్‌గ్లాన్ శిబిరంలో నాజీలు బంధించిన రోమా, సింతి జనాన్ని, అంటే జిప్సీలని పిలిచేవాళ్లని, 50 మందికి పైగా క్ర్యూన్ అనే కొండ ఊరికి తీసుకెళ్లారు. వాళ్లలో చాలామంది పిల్లలు. కథ స్పెయిన్‌లో జరుగుతుంది కాబట్టి నల్లజుట్టు, చామనఛాయ మొహాలు కావాలి. 1942లో స్టూడియో సీన్లకి బెర్లిన్ మార్జాన్ శిబిరం నుంచి ఇంకో 60 మందికి పైగా వచ్చారు. కూలి డబ్బు వాళ్ల చేతికి రాలేదు. పని అయిపోయాక మళ్లీ శిబిరానికే. తర్వాత వాళ్లలో చాలామందిని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపి చంపారు. యుద్ధం అయ్యాక వాళ్లందరినీ చూశాననీ, ఎవరికీ ఏమీ కాలేదనీ లెనీ నూరేళ్లు నిండుతున్న 2002లో కూడా చెప్పింది. బతికున్నవాళ్లు కోర్టుకెక్కితే ఆ మాట వెనక్కి తీసుకుంది.

నేను నలభై ఏళ్లుగా చెబుతున్నది ఒకటే. సినిమావాళ్ల జీవితం రాయాలంటే బేటా, అంటే రోజు కూలి డబ్బుల కోసం క్యూలో నిలబడ్డవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి. డైరెక్టరు ఎలాంటి మనిషో వాళ్లకి తెలిసినంతగా హీరోకి తెలియదు.

మద్రాసులో నేను అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఒక జానపద సినిమాకి కోట గుమ్మం సీను తీస్తున్నాం. మే నెల ఎండ. రెండు వందల మంది జూనియర్ ఆర్టిస్టులు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు. ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయింది. నీడకి చేర్చి మజ్జిగ ఇచ్చారు. కంటిన్యుటీ పోతుందని ఆవిడ చీర విప్పించి ఇంకొకావిడకి కట్టారు. సాయంత్రం బేటా పంచేటప్పుడు ఏజెంటు ఆవిడ పేరు కొట్టేశాడు, సీను పూర్తి చెయ్యలేదని. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఏళ్ల తర్వాత ఒక వారపత్రికకి ఆ సంగతి రాసిస్తే ఎడిటరు ఆ పేరా మొత్తం తీసేసి అక్కడ హీరోయిన్ ఫొటో వేశాడు. "పాఠకులకి ఇవన్నీ ఎందుకండీ" అన్నాడు. ఆ అచ్చు కాగితం ఇప్పటికీ దాచుకున్నాను, తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఆవిడ ఆ రాత్రి ఇంటికి వెళ్లింది. క్ర్యూన్ పిల్లలకి వెళ్లడానికి ఇల్లు లేదు. ఆ రెండిటినీ ఒక తక్కెడలో పెట్టను. కానీ నీ వాక్యం చూడగానే నాకు ఆ ఎడిటరే గుర్తొచ్చాడు.

ఇంకోటి. "ఆమె పార్టీలో ఎన్నడూ చేరలేదు, రాజకీయం తెలియని కళాకారిణి" అని రాశావు. నాజీ పార్టీ సభ్యత్వం తీసుకోలేదు, నిజమే. 1932లో హిట్లర్ ఉపన్యాసం విని, కలవాలని తనే ఉత్తరం రాసింది. 1940లో పారిస్ పడిపోతే అతనికి ఆనందంతో టెలిగ్రాం కొట్టింది. వీటికంటే బేలా బలాజ్ సంగతి చూడు. ఆమె దర్శకత్వం వహించిన మొదటి సినిమా రచయిత అతను, హంగేరీ యూదుడు. మాస్కోలో ఉండి, తనకి రావాల్సిన డబ్బు అడిగాడు. 1933 డిసెంబరులో ఆమె, "యూదుడు బేలా బలాజ్" పెట్టిన క్లెయిము చూసుకునే అధికారం యూలియస్ ష్ట్రైషర్‌కి ఇస్తూ కాగితం రాసింది. యూదుల మీద విషం కక్కే డెర్ ష్టుర్మర్ పత్రిక నడిపినవాడు అతను. 1946లో న్యూరెంబర్గ్‌లోనే ఉరితీశారు. 1938లో ఆ సినిమా మళ్లీ విడుదలైతే టైటిల్స్‌లో బలాజ్ పేరు లేదు. డబ్బు అడిగిన రచయితకి నిర్మాతలు చెప్పే జవాబులు నేను చాలా విన్నాను, ఇలాంటిది వినలేదు. ఆ కాగితం నీ పుస్తకంలో లేదు.

ముందుమాటలో "కళనీ కళాకారుణ్ణీ విడదీసి చూడాలి" అన్నావు. ఈ మధ్య ఎవరు కలం పట్టినా ఈ మాటే. టీఫ్‌లాండ్ ఫ్రేముల్లో ఆ పిల్లలు ఉన్నారు నాయనా. సినిమా వేసిన ప్రతిసారీ కనిపిస్తారు. వాళ్లని దేంట్లోంచి విడదీస్తావు?

పబ్లిషరు సంగతీ, పోటీకి పంపాలా వద్దా అన్నదీ ఇప్పుడు కాదు. 31వ పేజీ ఒక్కటే తిప్పి పంపుతున్నాను, మిగతావి నా దగ్గరే ఉంచాను. ఆ షూటింగ్ నుంచి ఒక అమ్మాయి తల్లి దగ్గరికని పారిపోయింది. పట్టుకుని రావెన్స్‌బ్రూక్ శిబిరానికి పంపారు. బతికి బయటపడి, ఆ తర్వాత ఒక డాక్యుమెంటరీలో తన నోటితో చెప్పింది. ముందు ఆ అమ్మాయి చెప్పింది విను. విన్నాక ఈ పేజీ రాసి పంపు.