మంకీ ఐలాండ్: పాత బొమ్మలతో గొంతులు కూడా వినాలంటే

మంకీ ఐలాండ్ అనే కంప్యూటర్ సాహస ఆటలో ఎఫ్10 నొక్కి పాత గ్రాఫిక్స్‌లోకి మారగానే మాటలు ఆగిపోతున్నాయని అడిగారు కదండీ. మీ సౌండ్ కార్డులో లోపమేమీ లేదు. 2009లో కొత్త బొమ్మలు, గొంతులతో వచ్చిన రీమేక్ అయిన స్పెషల్ ఎడిషన్‌లో పాత మోడ్ అంటే 1990 నాటి ఆటే, అందులో గొంతులు లేవు. రెండో భాగం రీమేక్‌లో (2010) దీన్ని సరిదిద్దారు.

మీకు కావలసింది అభిమానులు చేసిన అల్టిమేట్ టాకీ ఎడిషన్, అంటే పాత బొమ్మలకు ఆ గొంతులు కలిపిన రూపం. స్టీమ్‌లో ఆట ఉన్న ఫోల్డర్ తెరిచి మంకీ1.పాక్ ఫైలునూ ఆడియో ఫోల్డర్‌నూ ఆ ఎడిషన్‌ను తయారుచేసే బిల్డర్ ప్రోగ్రామ్ ఉన్నచోటికి కాపీ చేయండి. కట్ చేస్తే అసలు ఆట తెరుచుకోదు. బిల్డర్ నడిపాక వచ్చిన ఫోల్డర్‌ని పాత ఆటలను నడిపే స్కమ్‌వీఎమ్ ప్రోగ్రామ్‌లో చేర్చి, ఆడియో సెట్టింగుల్లో మాట, అక్షరాలు రెండూ ఎంచుకోండి.

ఆస్పెక్ట్ రేషియో కరెక్షన్ (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి సరిచేసే టిక్) తప్పక పెట్టండి. అసలు చిత్రం 320×200, దాన్ని 4:3 తెరకోసం గీశారు. ఆ టిక్ లేకపోతే కథానాయకుడు గైబ్రష్ పొట్టిగా, అణగ్గొట్టినట్టు కనిపిస్తాడు. స్పెషల్ ఎడిషన్ సేవ్‌లు ఇందులో పనిచేయవు, మొదటినుంచి ఆడాల్సిందే.

నా మటుకు ఈ ఆటకు ఇదే అత్యుత్తమ రూపం. కొత్త బొమ్మల్లో గైబ్రష్ జుట్టు నాకు ఎప్పటికీ నచ్చదు గానీ, తిట్లతో గెలిచే కత్తియుద్ధం మాత్రం గైబ్రష్‌కు మాటలిచ్చిన నటుడు డొమినిక్ అర్మాటో గొంతులో వినాల్సిందే.